ఒకే గీత మీద పిట్టగోడలు

నమోదు 1. మే 2
తొమ్మిదో వార్డు మోడల్ గది, డాబాల బల్ల. రాస్తున్నది ఝాన్సీ.

పొద్దున ఎనిమిదింటికి ముప్పై ఏడో బ్లాకు డాబా మీది నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇచ్చిన మనిషి నాంచారమ్మ. సముద్రం లంకల్ని మింగాక మిట్టపురం వచ్చి, పడమటి వరుస డాబాల మీద గదులు వేసుకున్న వాళ్ళలో ఆమె ఒకతె. ఫిర్యాదు ఆమెది కాదు, ఆమె అన్న ఏడుకొండలుది. ఆయనకి డెబ్బై ఏళ్ళు, చూపు లేదు. తెల్లవారాక ఒకసారి, సాయంత్రం ఒకసారి పిట్టగోడ మీద చెయ్యి ఆనించుకుని డాబా చుట్టూ పదిహేను చుట్లు తిరుగుతాడు. ఆయనకి అదే వీధి, అదే బజారు.

"మా అన్నియ్య గోడ పొట్టిదైపోతందంటన్నాడమ్మా," అంది నాంచారమ్మ. "ఇదివరకు మోచెయ్యి ఆనేదంట, ఇప్పుడు చెయ్యి కిందకి వేలాడెయ్యాల్సొస్తందంట. అందరూ నవ్వుతన్నారు, నువ్వే పొడుగవుతన్నావులే పెద్దాయనా అని."

ఇంత పిచ్చి ఫిర్యాదుని మామూలుగా నమోదు చేసి ఊరుకుంటారు. నేను ఊరుకోను. పేదవాడు ఏం చెప్పినా ముందు నవ్వడం ఈ ఊరికి అలవాటైపోయింది. ఊరి మొత్తానికీ కంప్యూటర్లో ఉన్న నమూనా, మోడల్‌లో ముప్పై ఏడో బ్లాకు తెరిచాను. పిట్టగోడ ఎత్తు: డెబ్బై సెంటీమీటర్లు. టేపు తీసుకుని వెళ్ళి నాలుగు పక్కలా కొలిచాను. డెబ్బై. మోడల్‌కీ గోడకీ తేడా లేదు.

తేడా లేకపోతే ఫిర్యాదు లేనట్టే. ఈ ఊళ్ళో రాజ్యాంగం అదే. మోడల్‌లో ఉన్నది నేల మీద లేకపోతే యంత్రాలు వచ్చి కడతాయి. నేల మీద ఉన్నది మోడల్‌లో లేకపోతే కోసేస్తాయి. నలభై కాళ్ళతో గోడలెక్కుతాయి కనక జనం వాటిని జెర్రులంటారు. జెర్రికి జాలి ఉండదు, కోపం ఉండదు. ఉన్నదల్లా మోడల్.

ఏడుకొండలు నా చేతిలోని టేపు తడిమి చూసి, "డెబ్బై అని నీ టేపు చెప్పింది సరే, నిరుడు ఎంతని చెప్పిందమ్మా?" అని అడిగాడు. మోడల్ ఈ రోజుదే ఉంటుంది. నిన్నటిది ఉండదు.

నమోదు 2. మే 3

రాత్రంతా ఆలోచించాక తట్టిందని రాయను, బస్సెక్కుతూ ఉంటే తట్టింది. డెబ్బై ఎలా అవుతుంది? నూట పది కదా! నూట పది అని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ చిట్టా యంత్రం తప్ప ఎవరూ చదవరు. అయినా యంత్రానికీ చరిత్ర తెలియాలి కనక రాస్తున్నాను. పన్నెండేళ్ళ కిందట తూర్పు వరుస బ్లాకుల వాళ్ళు తమ పిట్టగోడల్ని రెండున్నర మీటర్లకి లేపుకున్నారు. అవతలి డాబాల మీద లంకల వాళ్ళు స్నానాలు చేస్తూ, చేపలు ఎండేస్తూ కనిపిస్తున్నారట, కళ్ళకి ఇబ్బందట. సాయంత్రం నాలుగింటికి సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఆ గోడలకి తగిలి ఆగిపోయింది. ఆ వేసవిలో పడమటి డాబాల మీద పదకొండు మంది వడదెబ్బకి పోయారు. అప్పుడు నేను ఊరంతా తిరిగాను, కరపత్రాలు రాశాను, వార్డు సభలో గొంతు పోయేదాకా అరిచాను. "ఊరందరి పిట్టగోడా ఒకే ఎత్తు" అన్నది నా నినాదమే. గెలిచాం. తూర్పు గోడల్ని జెర్రులు కోస్తుంటే జనం ఈలలు వేశారు. ఎనభై ఎనిమిది బ్లాకులూ ఒకే నమూనావి, ఒకే ఎత్తువి. అన్నిటికీ నూట పది.

మరి డెబ్బై ఎప్పుడైంది? గోడల మార్పుల రిజిస్టరు తెరిచాను. పన్నెండేళ్ళుగా ఒక్క పిట్టగోడనీ ఎవరూ ముట్టుకోలేదని చెబుతోంది. అంత శుభ్రమైన రిజిస్టరు నేను ఎక్కడా చూడలేదు. అంత శుభ్రంగా ఉన్నదంటే ఎవరో కడిగారన్న మాట.

డాబాల మోడల్ మీద చెయ్యి పెట్టగలిగిన వాళ్ళం ముగ్గురం. నేను. నా పక్క బల్ల మీద, ఎండకి డాబాల మీద వేసే చలువ పొరలు చూసే మస్తాన్‌వలీ. పైన అధికారి భక్తవత్సలం. పోయిన నెల తూర్పు వరుస సంఘం వాళ్ళతో భక్తవత్సలం రెండుసార్లు టీ తాగడం నేను చూశాను. మూడోసారి తాగితే నేను చూడలేదేమో.

నమోదు 3. మే 5

తూర్పు వరుసకి వెళ్ళాను. అక్కడ డాబా మీదికి ఎక్కాలంటే ముందు రోజే చెప్పాలి, చెప్పులు విప్పాలి, ఎందుకొచ్చావో కింద రాయాలి. "గోడ కొలవడానికి" అని రాశాను. కాపలా మనిషి అది రెండుసార్లు చదువుకున్నాడు.

ఆరు బ్లాకులు కొలిచాను. నూట ఏడు, నూట ఏడు, నూట ఏడు. ఆరింటికి ఆరూ అంతే. తిరిగొస్తూ పడమటి వరుసలో ఆరు కొలిచాను. డెబ్బై, డెబ్బై, అరవై తొమ్మిది, డెబ్బై.

ఇక నాకు అనుమానం లేదు. మూడు సెంటీమీటర్లంటే అరుగుదల. నలభై సెంటీమీటర్లంటే రాజకీయం. పేదవాడి గోడని ఎవరో వేలెడు వేలెడు కోసుకుపోతున్నారు, ఒక్కసారి కోస్తే అరుస్తాడని. ఎందుకు? డాబా మీద గోడ లేకపోతే అది నివాసం కాదు. నివాసం కాకపోతే ఖాళీ చేయించడానికి నోటీసు కూడా అక్కర్లేదు. తూర్పు వాళ్ళు పన్నెండేళ్ళ కిందట ఓడిపోయిన పందెం ఇలా గెలుస్తున్నారు.

గదిలోకి వచ్చి మస్తాన్‌వలీని సూటిగానే అడిగాను, పడమటి డాబాల్లో నీ చెయ్యి పడని బ్లాకు ఉందా అని. లేదన్నాడు. పొరలన్నీ తనవేనన్నాడు. పల్నాటి మనిషి, నాకన్నా పదేళ్ళు చిన్న, ఎప్పుడూ అక్కా అనే పిలుస్తాడు.

"గోడ రిజిస్టరే చూస్తున్నావు గదక్కా. ఒకసారి నా పొరల రిజిస్టరు గూడా చూడు," అన్నాడు.

చూడలేదు. దొరికిపోయినవాడు ఎప్పుడూ ఇంకో కాగితం చూపిస్తాడు. నలభై ఏళ్ళ పోరాటాల్లో నేను నేర్చుకున్నది ఇదొక్కటీ చాలు.

నమోదు 4. మే 8

వార్డు సభ. పడమటి వరుస వాళ్ళు మూడొందల మంది వచ్చారు. ఏడుకొండల్ని ముందు వరుసలో కూర్చోబెట్టాను. అర్జీ నేనే రాశాను, నేనే చదివాను. "పిట్టగోడల దొంగలారా" అని మొదలుపెట్టి, డాబా మీది మనిషికీ పాతాళానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డుగోడని దొంగిలించిన చేతులేవో ఈ సభకి తెలియాలన్నాను. మస్తాన్‌వలీ పేరు చెప్పాను. భక్తవత్సలం పేరు చెప్పలేదు, కానీ చెప్పినట్టే అందరూ ఆయన వైపు చూసేలా ఆగాను. సభలో ఎక్కడ ఆగాలో నాకు తెలుసు.

చప్పట్లు చాలాసేపు మోగాయి.

మస్తాన్‌వలీ లేచి ఏదో అనబోయాడు. పొరలు అన్న మాట వినపడింది. మాట మళ్ళించకు అన్నాను. జనం కూడా మళ్ళించకు అన్నారు. కూర్చున్నాడు.

భక్తవత్సలం తడుముకోకుండా లేచి, విచారణ అయ్యేదాకా మస్తాన్‌వలీని పొరల బల్ల నుంచి తప్పిస్తున్నట్టు ప్రకటించాడు. అంత సులభంగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. పెద్ద చేప తప్పించుకోవడానికి చిన్న చేపని వదిలిందని అప్పుడే అనుకున్నాను. ఏడుకొండలు మాత్రం సభ నుంచి వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి, "గోడ ఎప్పుడు లేస్తదమ్మా?" అని అడిగాడు. త్వరలో అన్నాను.

నమోదు 5. మే 10

ఈ రోజు మోడల్‌లో ఒక ఎర్ర గుర్తు వచ్చింది. పడమటి వరుస నలభై ఎనిమిది బ్లాకులకీ మే 19న చలువ పొర, ఈసారి రెండున్నర రెట్ల మందం, ఇరవై సెంటీమీటర్లు. ఆదేశం ఎండల శాఖది. రెండు నెలలుగా ఆగి ఉందట, నిన్న కదిలింది. ఆపింది ఎవరా అని చూస్తే మస్తాన్‌వలీ. "పడమటికి ఇంత మందం పొర వద్దు, తూర్పుకి వేసే పల్చటి రేకే వెయ్యండి" అని మూడుసార్లు అభ్యంతరం రాశాడు. అతని బల్ల ఖాళీ అయ్యాక అభ్యంతరం చెప్పేవాళ్ళు లేక ఆదేశం దానంతట అదే నడిచిపోయింది.

దొంగ అయితే పేదవాళ్ళ తరఫున అభ్యంతరం ఎందుకు రాస్తాడు? పైకి మంచివాడు అనిపించుకోవడానికి రాశాడు అని రాసుకున్నాను. రాశాక ఆ వాక్యం నాకే నచ్చలేదు. అయినా ఉంచుతున్నాను. ఈ చిట్టాలో కొట్టివేతలు కుదరవు.

ఆ ఎర్ర గుర్తు కింద ఇంకో వరుస ఉంది. పొర పడ్డాక పిట్టగోడ ఎత్తు: యాభై. అరవైకి తక్కువైతే మోడల్ దాన్ని గోడ అనదు, అంచు అంటుంది. అంచులు నివాసాలకి ఉండకూడదు కనక జెర్రులు తీసేస్తాయి. పందొమ్మిదో తేదీన ముప్పై ఏడో బ్లాకు డాబా నాలుగు పక్కలా నున్నగా ఉంటుంది, టేబులు పైభాగంలా. ఏడుకొండలు చెయ్యి ఆనించుకోవడానికి గాలి తప్ప ఏమీ ఉండదు.

నాంచారమ్మకి ఫోను చేసి చెప్పాను. అన్నని మంచానికి కట్టెయ్యాలా అని అడిగింది. వేళాకోళానికి అడగలేదు.

పొర పడితే గోడ తగ్గడమేమిటి? ఆ ప్రశ్న ఇప్పుడు, ఇది రాస్తుండగా వచ్చింది. రేపు వెళ్ళి చూస్తాను.

నమోదు 6. మే 11

డాబా మీదికి ఎక్కబోతుంటే నాంచారమ్మ మెట్ల దగ్గర ఆపింది. పైకి కాదు, వీధిలోకి రమ్మంది. వీధికి అవతలి పక్కన నిలబెట్టి తమ బ్లాకు గోడ చూపించింది.

"మా గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే తూము ఎక్కడుందో చూడమ్మా."

డాబా నేలకి ఆనుకుని పిట్టగోడలో ఉండే కన్నం అది. చూశాను. దాని కింద, ఎనిమిది సెంటీమీటర్ల ఎడంతో, సిమెంటు పూసి మూసేసిన పాత తూము ఉంది. దాని కింద ఇంకోటి. ఇంకోటి. మొత్తం ఐదు మూతలు, పిల్లంగోవి నిలబెట్టినట్టు.

"పొర వేసినప్పుడల్లా తూము మునిగిపోద్ది. జెర్రి వచ్చి పాతది మూసి పైన కొత్తది పొడిచిపోద్ది. గోడ ఎవడూ కొయ్యలేదు తల్లీ. నేల లేచింది."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగదా. దొంగెవడని అడిగావు."

పరుగెత్తినట్టే గదికి వచ్చాను. ఇంత చిన్న లెక్క! రెండేళ్ళకోసారి పొర, పొరకి ఎనిమిది, ఐదు పొరలకి నలభై. తూర్పు వాళ్ళకి ఖరీదైన రేకు, ఐదు వేసినా మూడు సెంటీమీటర్లు దాటదు. పడమటి వాళ్ళకి చవక మట్టి. ఆ అన్యాయం నిజమే, దాని సంగతి తర్వాత. కానీ మోడల్‌లో నేల లేస్తే గోడ కూడా దాంతోపాటు లేవాలి, ఆ మేరకు జెర్రులు వచ్చి పైన కట్టాలి కదా? స్లాబు మీద కూర్చున్న గోడ స్లాబు కదిలితే కదలాలి. ఎందుకు కదల్లేదు?

ముప్పై ఏడో బ్లాకు పిట్టగోడ మీద నొక్కాను. మోడల్‌లో ఏ గోడకైనా రెండు విషయాలు చెప్పాలి, కింది అంచు దేన్ని పట్టుకోవాలి, పై అంచు దేన్ని పట్టుకోవాలి అని. కింది అంచు డాబా నేలని పట్టుకుంది. పై అంచుకి రెండు పద్ధతులున్నాయి. నేల నుంచి ఇంత అని అంకె ఇవ్వచ్చు. లేకపోతే ఒక గీత గీసి, నేల ఏమైనా కానీ నువ్వు ఈ గీత దాటొద్దు అని కట్టెయ్యచ్చు. ఈ గోడ పై అంచుని ఎవరో గీతకి కట్టారు. ఎనభై ఎనిమిది బ్లాకుల గోడలూ ఒకే గీతకి కట్టి ఉన్నాయి. కింద నేల లేస్తోంది, పైన గీత కదలదు. మధ్యలో గోడ నలిగిపోతోంది.

కట్టినవారి పేరు: ఝాన్సీ. తేదీ: పన్నెండేళ్ళ కిందట, సభ గెలిచిన మర్నాడు. కారణం అన్న గడిలో పెద్ద అక్షరాలతో "ఊరందరి పిట్టగోడా ఒకే ఎత్తు".

ఒక్కో గోడకీ అంకె వేస్తూ కూర్చుంటే వారం పట్టేది. అప్పుడు మళ్ళీ తూర్పు వాళ్ళు ఒక్కో అంకె పెంచుకుంటూ పోతారని భయం. ఒకే గీతయితే ఎవరూ వంచలేరు. అందుకే అన్నీ ఎంచుకుని ఒక్క నొక్కు నొక్కాను. ఆ నొక్కు ఎంత హాయిగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

నమోదు 7. మే 12

మస్తాన్‌వలీ ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తులో ఉంటాడు. వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. పీట మాత్రం జరిపాడు.

చెప్పాల్సింది చెప్పాను. నేను తప్పు చేశానన్న మాట నా నోట ఎప్పుడూ సాఫీగా రాదు. ముందు ఎండల శాఖని తిట్టి, చవక మట్టిని తిట్టి, చివరికి అక్కడికి చేరాను. అతను తొడిమలు తీయడం ఆపకుండా విన్నాడు.

"మూడొందల మంది ముందర నా పేరు జెప్పినావు. ఇప్పుడు నా ఒక్కడి ముందర నీ పేరు జెప్తున్నావు," అన్నాడు. "లెక్క సరిపోలేదక్కా."

సరిపోలేదు. ఒప్పుకున్నాను.

ఇద్దరం భక్తవత్సలం దగ్గరికి వెళ్ళాం. మస్తాన్‌వలీని బల్ల మీదికి తీసుకుని పొరని ఆపించమని అడిగాను. విచారణ మొదలైంది కనక ముగిసేదాకా తీసుకోలేనన్నాడు, ఇరవై రోజులు. విచారణ కావాలని అరిచింది నేనే. పోనీ గీతని నలభై పైకి జరుపుదామన్నాను. దానికి ఎనభై ఎనిమిది బ్లాకుల ఓటు కావాలట, వచ్చే పొరకి మళ్ళీ ఇదే కథట. అప్పుడు ఆయన ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. గీతని రద్దు చెయ్యడానికి ఓటు అక్కర్లేదు. పెట్టినవాళ్ళు తప్పు గీశామని రాసిస్తే చాలు. రద్దయ్యాక ప్రతి బ్లాకు వాళ్ళూ తమ గోడ ఎత్తు తామే కొలిచి, సంతకం చేసి పంపాలి. పద్దెనిమిదో తేదీ సాయంత్రంలోగా అంకె అందిన గోడ నిలుస్తుంది.

"తూర్పు వాళ్ళు కూడా తామే రాసుకుంటారా?" అని అడిగాను.

"రెండున్నర మీటర్ల దాకా. పాత నిబంధన అదే కదండీ ఝాన్సీగారూ. మీ గీత వచ్చి దాన్ని ఆపింది."

ఆయన ముఖంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే నేను నమ్మలేకపోయాను. ఆ కాగితం ఎన్నాళ్ళ కిందట తయారైందో, ఎవరి టీ బల్ల మీద తయారైందో! కానీ నమ్మకపోవడానికి నా దగ్గర ఇప్పుడు ఆధారం ఏముంది? మొన్న కూడా ఇంతే ఉంది.

సంతకం పెడితే గాలి పోతుంది. పెట్టకపోతే గోడ పోతుంది.

నమోదు 8. మే 14

నేనొక్కదాన్నే తేల్చే విషయం కాదని పడమటి డాబాల వాళ్ళని పిలిచాను. ముప్పై ఏడో బ్లాకు మీదే కూర్చున్నాం, పొద్దున ఆరింటికి, ఎండ ఎక్కకముందు. మూడొందల మంది రాలేదు, అరవై మంది వచ్చారు. ఉపన్యాసం ఇవ్వలేదు. తూముల సంగతి చెప్పాను, గీత సంగతి చెప్పాను, అది నాదని చెప్పాను, మస్తాన్‌వలీ మూడుసార్లు ఆపబోయాడని చెప్పాను. అతను మెట్ల గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

చప్పట్లు లేవు. ఒక ముసలాయన ఇదంతా కొత్త నాటకమేమో అన్నాడు. తూర్పు వాళ్ళ గోడలు లేపడానికి ఝాన్సీగారికి ఎంతిచ్చారో కనుక్కోండి అని వెనక నుంచి ఒకామె అంది. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు మీకోసం, అనబోయాను. ఆమె మాట్లాడిన తీరు, ఆగిన చోటు, అందరూ నా వైపు తిరిగేలా చూసుకోవడం, అన్నీ నాకు బాగా తెలిసినవే. నోరు మూసుకున్నాను.

గాలి గురించి గంట సేపు వాదించుకున్నారు. గాలి లేక పోయిన పదకొండు మందిలో ఇద్దరు అక్కడున్న వాళ్ళ తల్లిదండ్రులు. గోడే పోతే డాబాయే పోతుంది, ఇంక గాలి ఎవరికి అన్నారు కొందరు. పసిపిల్లలున్న వాళ్ళు ఎక్కువ మాట్లాడారు. ఏడుకొండలు ఒక్కమాటే అన్నాడు. గాలి లేకపోతే విసనకర్ర పట్టుకుంటాను, గోడ లేకపోతే ఏం పట్టుకోవాలి అని.

చేతులెత్తారు. నలభై ఏడు మంది సంతకం పెట్టమన్నారు. పెట్టాను. కారణం గడిలో ఇలా రాశాను: "కింద ఎవరి నేల ఎంత లేస్తుందో చూడకుండా పైన గీత గీశాను."

నమోదు 9. మే 17

మూడు రోజులుగా నేనూ మస్తాన్‌వలీ టేపు పట్టుకుని డాబాలెక్కుతున్నాం. నలభై ఎనిమిదిలో నలభై మూడు అయ్యాయి. అతనికి జీతం లేదు, పిలుపు లేదు. ఎందుకు వస్తున్నావని అడిగితే ఇంట్లో మిరపకాయలు అయిపోయినయ్యన్నాడు.

సాఫ్ట్‌వేరు ప్రతి అంకె తర్వాతా అడుగుతోంది: "ఇదే ఎత్తు మిగతా గోడలన్నిటికీ వర్తింపజేయాలా?" వద్దు అని నొక్కుతున్నాను. మళ్ళీ అడుగుతోంది. మళ్ళీ వద్దు.

నలభై నాలుగో బ్లాకులో సుభాషిణి అనే ఆమె మమ్మల్ని మెట్ల దగ్గరే ఆపింది. నడివయసు మనిషి, టైలరు పని, మెడలో కొలత టేపు వేలాడుతోంది. నా టేపు వంక చూసి నవ్వింది.

"మా గోడ ఎంతుండాలో నువ్వు రాస్తావా? పోయినసారి రాసింది కూడా నువ్వేనంటగా."

"అవును."

"అయితే ఇటివ్వు."

అంకెలు ఎక్కించే పలకని ఆమె చేతికిచ్చాను. తన టేపుతోనే కొలుచుకుంది. మొదట తను నిలబడి, తర్వాత అత్తగారిని నిలబెట్టి, తర్వాత కుట్టుమిషను దగ్గర కూర్చుని. కూర్చున్నప్పుడు తూర్పు డాబాలు కనపడకూడదట. పన్నెండేళ్ళుగా అటు నుంచి ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారట. నూట ముప్పై అని రాసింది. పడమటి వాళ్ళకి అవతలి వాళ్ళని చూడకుండా ఉండాలని ఉంటుందని నా కరపత్రాల్లో ఒక్కచోటా లేదు. ఎవరినీ అడగలేదు మరి.

నమోదు 10. మే 18

ఐదు బ్లాకులు మధ్యాహ్నానికి అయిపోయాయి. నలభై ఎనిమిది అంకెలూ సాయంత్రం నాలుగున్నరకి మోడల్‌లో చేరాయి. ఏ రెండూ ఒకటి కావు. స్క్రీను మీద పడమటి వరుస ఊడిన పళ్ళ వరుసలా కనిపిస్తోంది.

తూర్పు వాళ్ళవి నలభై అంకెలు. అన్నీ రెండువందల యాభై. నిన్న ఉదయమే పంపేశారు.

నమోదు 11. మే 19

తెల్లవారాక జెర్రులు వచ్చాయి. జనం సామాన్లతో మెట్ల మీద కూర్చున్నారు. ముందు నేల మీద పొర పరిచాయి. తర్వాత పిట్టగోడ దగ్గరికి వచ్చి ఆగాయి. కోస్తాయా కడతాయా అన్నది అవి ఆగిన ఆ కాస్సేపట్లో ఎవరికీ తెలియదు. నాంచారమ్మ అన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను మోడల్ చూడలేదు. చూస్తే ముందే తెలిసేది. చూడలేకపోయాను.

మొదటి ఇటుక వరుస పడింది. తర్వాత రెండోది.

మధ్యాహ్నానికి ముప్పై ఏడో బ్లాకు గోడ నూట పదిహేను అయింది. తడి ఆరనివ్వమని నాంచారమ్మ అంటున్నా వినకుండా ఏడుకొండలు వెళ్ళి చెయ్యి ఆనించాడు. ఒక చుట్టు పూర్తిచేసి, అరచేతికి అంటిన సిమెంటు పంచెకి తుడుచుకున్నాడు. రెండో చుట్టు మొదలుపెట్టాడు.

నాలుగయింది. అందరం అలవాటుగా తూర్పుకి తిరిగాం. అవతల నలభై బ్లాకుల మీద గోడలు రెండున్నర మీటర్లు లేచి ఉన్నాయి. దండెం మీది లుంగీ కదల్లేదు. నాలుగున్నర. కదల్లేదు. నాంచారమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. మస్తాన్‌వలీ చొక్కా పై గుండీలు విప్పాడు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండునని అనిపించింది.

సంచీలోంచి కాగితం తీశాను. గాలి గురించి అర్జీ. తూర్పు గోడల్లో రెండు గజాలకో కిటికీ పెట్టించాలని, పడమటికి కూడా పల్చటి రేకే వెయ్యాలని. పొద్దున బస్సులో రాసుకొచ్చాను. నాంచారమ్మ చదవమంది. చుట్టూ పదిమంది చేరారు. సుభాషిణి కూడా నలభై నాలుగు నుంచి వచ్చి ఉంది.

మొదటి వాక్యం చదివాను. "గాలిని సైతం కబ్జా చేసిన తూర్పు దొరలారా!"

"అది తీసెయ్," అంది నాంచారమ్మ.

తీసేశాను. రెండో వాక్యం చదివాను.